కాటా దగ్గరి బంధువు

విజయనగరంలో ఒక కథాగోష్ఠిలో వచ్చిన మాటతో మొదలుపెడతాను. ఒక విద్యార్థి మిత్రుడు తన కథ చదివాడు. ఏళ్ల తరబడి పనిచేస్తున్న గుమాస్తాను పక్కకు నెట్టి, కొట్టు యజమాని తన బావమరిదిని పెద్ద గుమాస్తాగా కూర్చోబెట్టడం ఆ కథలో వస్తువు. చదవడం అయ్యాక ఒక పెద్దాయన, సంఘాల్లో చాలాకాలం పనిచేసినవారే, ఇలా అన్నారు: "ఇందులో అన్యాయం ఏముందయ్యా? మంత్రిగారు సర్కారు ఆఫీసులో మేనల్లుణ్ణి పెట్టుకుంటే తప్పు, అది జనం సొమ్ము. ఇక్కడ కొట్టు అతనిది, పెట్టుబడి అతనిది. తనవాణ్ణి పెట్టుకున్నాడు." కుర్రవాడికి జవాబు తోచలేదు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను. జవాబు తెలిసి కూడా ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో ఈ వ్యాసం పూర్తయ్యేలోగా చెప్పుకోక తప్పదు.

బంధుప్రీతి అనే మాట మనకు పత్రికల్లోంచి అలవాటైంది. మంత్రులు, విశ్వవిద్యాలయాలు, సహకార బ్యాంకులు - వీటి ప్రస్తావనలోనే దాన్ని వాడతాం. ఇంగ్లీషువాళ్ల 'నెపోటిజం' పుట్టుక కూడా అలాంటిదే. ఇటాలియన్‌లో తోబుట్టువు కొడుకును పిలిచే మాటలోంచి అది వచ్చింది. రోము పోపులు తమ అన్నదమ్ముల కొడుకులకు, అక్కచెల్లెళ్ల కొడుకులకు కార్డినల్ పదవులూ ఆస్తులూ కట్టబెట్టేవారు. 1692లో పన్నెండవ ఇన్నోసెంట్ అనే పోపు దాన్ని నిషేధిస్తూ శాసనం చేశాడు. అంటే పుట్టినప్పుడే ఈ మాటకు ఒక హద్దు ఏర్పడింది. పదవి వ్యక్తి సొత్తు కాదు కనుక అక్కడ బంధువుకు పెట్టడం తప్పు. సొంత ఆస్తి దగ్గరికి వచ్చేసరికి మాట మూగబోతుంది. ఆస్తిపరుడు తనవాణ్ణి తెచ్చుకుంటే దానికి మనం వేరే పేర్లు పెట్టుకున్నాం: వారసత్వం, నమ్మకం, ఇంటి వ్యాపారం. గోష్ఠిలో పెద్దాయన చెప్పిన తర్కం కూడా ఇదే. అది ఆస్తి ఎవరిదని అడుగుతుంది. పని ఎవరిదని అడగదు.

పని గురించి నాకు తెలిసిన చోటు పలాస. పలాస-కాశీబుగ్గ జంట ఊళ్లలో జీడి ఫ్యాక్టరీలు వందల్లో ఉన్నాయి. పేరుకు ఫ్యాక్టరీలేగానీ చాలావరకు పెద్ద రేకుల షెడ్డూ, ముందు ఒక కళ్లమూ, వెనక గోదామూ. ఉద్దానం తోటల్లో పండే పిక్కలు సరిపోక ఆఫ్రికా దేశాల నుంచి కూడా తెప్పించుకుంటారు. డిగ్రీ ప్యాసై ఖాళీగా ఉన్న రోజుల్లో, 1990ల చివర, నేను అలాంటి ఒక షెడ్డులో నాలుగేళ్లు కాటా దగ్గర కూర్చుని లెక్కలు రాశాను. ఆ ఉద్యోగానికి నాకున్న అర్హత ఒకటే. షావుకారు భార్య మా అమ్మకు పెదనాన్న కూతురు. అక్కడే ఆరేళ్లుగా గ్రేడింగు చేస్తూ, ఏ లాటులో ఎంత పప్పు దిగుతుందో చేత్తో ఎత్తి చూసి చెప్పగల ఆమె ఒకరు ఉండేది. వారం కూలి లెక్క నోటితో వేసేది. ఆమెను కాటా దగ్గర కూర్చోబెట్టాలన్న ఆలోచన షావుకారుకు రాలేదు. నాకూ రాలేదు. నిజానికి ఆమెకు కూడా వచ్చి ఉండదనుకుంటాను.

ఇంతవరకూ చెప్పింది మామూలుగా అందరూ చెప్పుకునేదే: అర్హత ఉన్నవాళ్లను కాదని చుట్టాన్ని పెట్టుకోవడం. మన కథలు కూడా ఎక్కువగా ఇక్కడే ఆగుతాయి. ఉద్యోగం ఎవరికి దక్కింది అన్నది చిన్న అన్యాయం. ఆ ఉద్యోగంలో కూర్చున్న చుట్టం రోజూ ఏం చేస్తాడన్నది పెద్ద అన్యాయం. దాన్ని అర్థం చేసుకోవాలంటే జీడిపప్పు సంగతి కొంచెం తెలియాలి.

పిక్కను వేపడమో ఆవిరికి ఉడికించడమో చేస్తారు. తర్వాత ఒక్కొక్క పిక్కనూ పగలగొట్టి లోపలి పప్పు తీయాలి. పెంకులోని జీడి రసం చేతిని కాలుస్తుంది. బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటారు గానీ, ఈ పనిలో పదేళ్లు ఉన్నామె అరచేతిని చూస్తే చెప్పకుండానే తెలిసిపోతుంది. ఆ పప్పును వేడిగదిలో ఆరబెట్టి, ట్రేలలో పోసి, పైపొట్టు తీయడానికి ఆడవాళ్లకు పంచుతారు. పొట్టు తీయడానికి కూలి కిలో లెక్కన. చివరికి గ్రేడింగు. వ్యాపారంలో 180, 210, 240, 320 అనే నంబర్లు వింటాం. ఒక పౌను బరువుకు సుమారుగా ఎన్ని పప్పులు తూగుతాయో ఆ నంబరు చెబుతుంది. నంబరు చిన్నదైతే పప్పు పెద్దది.

ఇప్పుడు లెక్క చూడండి. 180 నంబరు సరుకులో కిలోకు దాదాపు నాలుగు వందల పప్పులుంటాయి. 320 నంబరు సరుకులో దాదాపు ఏడు వందలు. పొట్టు ఒక్కొక్క పప్పుకూ విడిగా తీయాలి. కూలి మాత్రం కిలోకే. షెడ్డులో అందరికీ ఒకటే రేటు, గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంటుంది. ఎవరికీ ఒక పైసా ఎక్కువ లేదు, తక్కువ లేదు. అయినా పెద్ద పప్పు ట్రే అందుకున్న మనిషి నాలుగు వందల పప్పులకు తీసుకునే కూలినే, చిన్న పప్పు ట్రే అందుకున్న మనిషి ఏడు వందల పప్పులకు తీసుకుంటుంది. దీనికి తోడు ఆరుదల ఒకటి ఉంది. వేడిగదిలోంచి అప్పుడే తీసిన పప్పుకు పొట్టు వేలితో నలిపితే రాలుతుంది. గాలి తగిలి చెమ్మ పట్టిన పప్పుకు అంటుకుపోతుంది, కత్తి మొనతో గీకాలి. గీకితే పప్పు విరుగుతుంది. విరిగితే గుండు కాస్తా బద్దో ముక్కో అవుతుంది, దాని కూలి తగ్గుతుంది. ఎంత విరిగిందో చూసి తరుగు రాసేది కాటా దగ్గరివాడు. అంటే చెడ్డ ట్రే ఇచ్చేదీ వాడే, ట్రే చెడ్డదైనందుకు జరిమానా వేసేదీ వాడే.

రేటు సమానం, కూలి అసమానం. కాగితం మీద ఎక్కడా కనిపించని అన్యాయం ఇది. ఏ ఇన్‌స్పెక్టరు వచ్చి పుస్తకం చూసినా తప్పు పట్టలేడు. మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పీసు కూలి మీద రాసిన అధ్యాయం విద్యార్థులు తప్పక చదవాలి. ఈ పద్ధతిలో పని నాణ్యతనూ వేగాన్నీ కూలి రూపమే అదుపు చేస్తుందనీ, యజమానికీ కార్మికుడికీ నడుమ మధ్యవర్తులు చొరబడటానికి ఇది దారి తీస్తుందనీ 1867లోనే ఆయన చూపించాడు. మన షెడ్లలో ఆ మధ్యవర్తి కంట్రాక్టరు రూపంలో రాడు. చుట్టం రూపంలో వస్తాడు. అందుకే వాణ్ణి మధ్యవర్తిగా గుర్తించడం కష్టం.

చుట్టరికం పైనుంచి కిందికి మాత్రమే పనిచేస్తుందనుకోకూడదు. ట్రేలు పంచేవాడి దయమీద రోజు కూలి ఆధారపడితే, ఆ దయను సంపాదించే దారి మనుషులు వెతుక్కుంటారు. నేను చేరిన నెల తిరక్కుండా షెడ్డులో నాకు బంధువులు పుట్టుకొచ్చారు. ఒకామె నన్ను 'అల్లుడా' అని పిలిచింది. ఒకామె మా ఊరి పక్క ఊరిదాన్నని చెప్పి 'తమ్ముడా' అంది. సంక్రాంతికి ఒకరింటి నుంచి అరిసెలు వచ్చాయి. ఇది లౌక్యమని మనం నవ్వుకుంటే పొరపాటు. రక్తబంధుత్వం ఉన్నవాడికి అన్నీ దక్కే చోట, అది లేనివాళ్లు దాన్ని మాటతో కట్టుకుంటారు. వాళ్ల దగ్గరున్న పెట్టుబడి ఆ మాటే. వాళ్లలో వాళ్లకు కూడా పోటీ ఉండేది. పనికి ముందునుంచీ ఉన్న మేస్త్రీ ఆమె తన వీధి పిల్లల్నే తెచ్చుకునేది, వేరే వీధివాళ్లను నిలవనిచ్చేది కాదు. ఈ సంగతి రాయకపోతే కార్మికురాలి పాత్ర పటంలో దేవతలా తయారవుతుంది. మన పత్రికల్లో అలాంటి పాత్రలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

షావుకారు మాట కూడా చుట్టరికపు మాటే. పని ఎక్కువైన రోజున "నువ్వు మా ఇంటి మనిషివి కాదేటి, ఇంకో ట్రే అయిపోనియ్యి" అనేవాడు. కూలి పెంచమన్న రోజున "కూలిదానివి కూలిదానిలాగుండు" అనేవాడు. ఆయన్ని రాక్షసుణ్ణి చేయదలచుకోలేదు. ఒక రాత్రి పనిమనిషి బిడ్డకు వాంతులైతే తన స్కూటరు మీద తనే ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆడపిల్లల పెళ్లిళ్లకు అడ్వాన్సులిచ్చేవాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా ఆ ఇంటివాళ్లు ఇంకో షెడ్డుకు పోలేరన్నది నిజమే. ఆ రాత్రి ఆసుపత్రికి వెళ్లడం కూడా నిజమే. రెండూ ఒకే మనిషి చేశాడు, ఒకే మాట చెప్పి చేశాడు. ఆ మాటకున్న బలం ఇక్కడ ఉంది. నెల్లిమర్ల జూట్ మిల్లులో కార్మికులు సంఘం పెట్టుకున్నారు, గేటు దగ్గర మీటింగులు పెట్టారు, సమ్మెలు కట్టారు. అక్కడ మేనేజరు ఎవరికీ మావ కాడు. ఇరవైమంది పనిచేసే రేకుల షెడ్డులో సమ్మె కట్టాలంటే ఎవరిమీద కట్టాలి? అడ్వాన్సిచ్చిన 'అన్న' మీదా, ట్రే వేసే 'అల్లుడి' మీదా?

ఇక బంధువు సంగతి. మనం సాధారణంగా అతణ్ణి లాభం తిన్నవాడిగానే లెక్క కడతాం. మా షెడ్డులో షావుకారు అక్క కొడుకు ఒకడుండేవాడు. పద్నాలుగో ఏట చదువు మాన్పించి తీసుకొచ్చారు. తెల్లవారి తాళాలు తీసేది అతను, రాత్రి గోదాములో పడుకునేది అతను, లారీ వస్తే బస్తాలు దింపించేది అతను. ఒక్కొక్క బస్తా ఎనభై కిలోలు. మనుషులు తక్కువైన రోజు తనూ మోసేవాడు. అతనికి జీతం లేదు. అన్నం, బట్టలు, పండక్కి కొంత చేతిఖర్చు. షావుకారు కూతుర్ని అతనికే ఇస్తారని అందరూ అనేవారు. షావుకారు ఎన్నడూ అనలేదు, ఎన్నడూ కాదనలేదు. మేనరికం అనే ఆశ మీద పదకొండేళ్ల చాకిరీ నడిచింది. తర్వాత ఆ అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం చేసే ఇంజనీరుతో పెళ్లయింది. ఆ పెళ్లికి వంటవాళ్లను కుదిర్చి, పందిరి వేయించినవాడు ఈ మేనల్లుడే. మరునాటి నుంచి అతను ఆ షెడ్డులో ఏమిటి? అల్లుడు కాడు, వాటాదారు కాడు, ఉద్యోగి కూడా కాడు. తాను అక్కడ పనిచేశానని చెప్పడానికి అతని దగ్గర ఒక్క కాగితం లేదు.

ఇది ఒక ఇంటి దుర్మార్గం అనుకుంటే పొరబడతాం. చట్టం కూడా ఆ ఇంటి గుమ్మం దగ్గరే ఆగింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం 26వ సెక్షన్‌లో, యజమానితో కలిసి ఉంటూ అతని మీద ఆధారపడిన కుటుంబ సభ్యుడి కూలికి ఈ చట్టం వర్తించదని రాశారు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం, సొంత ఇంట్లో కుటుంబంతో బీడీలు చేసుకునేవాణ్ణి మినహాయించింది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని నిషేధిస్తూనే, ప్రమాదం లేని ఇంటి వ్యాపారంలో బడి అయ్యాకా సెలవుల్లోనూ సాయం చేయవచ్చని తలుపు తెరిచి ఉంచింది. ఈ మినహాయింపులన్నిటి వెనకా ఒక నమ్మకం ఉంది: కుటుంబంలో దోపిడి ఉండదు. రష్యన్ ఆర్థికవేత్త చయనోవ్ 1925లోనే రైతు కుటుంబం గురించి చెబుతూ, తన శ్రమకు కూలి కట్టుకోదు గనుక అది తనను తాను అరగదీసుకుంటుందని చూపించాడు. మన పొందూరుకే వెళ్లి చూడవచ్చు. వాలుగ చేప దవడతో దూది ఏకడం దగ్గర మొదలుపెట్టి, ఒంటి కదురు రాట్నం మీద నూలు తీసి, నేత దాకా వచ్చేసరికి ఒక్క సన్నఖద్దరు పంచెలో ఎన్ని చేతులు పడతాయో. మగ్గం మీద కూర్చున్నవాడి పేర మజూరీ రాస్తారు. కండె చుట్టిన చేతులకు వేరే పద్దు ఉండదు.

చట్టాన్ని తప్పించుకోవడానికి కూడా చుట్టరికం బాగా ఉపయోగపడుతుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవైమంది ఉంటేనే దాన్ని ఫ్యాక్టరీ అంది. 1952 నాటి భవిష్యనిధి చట్టానికి ఇరవైమంది కావలసి ఉండేది. కనుక షెడ్డు ఒకటే ఉంటుంది, బోర్డులు మూడు ఉంటాయి. ఒకటి భార్య పేర, ఒకటి తమ్ముడి పేర, ఒకటి పెళ్లి కాని చెల్లెలి పేర. ఒకే వరసలో కూర్చుని పొట్టు తీసే ముప్ఫైమంది పుస్తకాల్లో మూడు చిన్న సంస్థల మనుషులైపోతారు. మా షెడ్డులో రెండు పుస్తకాలు నేనే రాసేవాణ్ణి. ఆ చెల్లెలు తన ఫ్యాక్టరీని ఒక్కసారైనా చూసిందో లేదో నాకు తెలియదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ ఫ్యాక్టరీ గీతను ఇరవైకీ నలభైకీ జరిపింది. ఇక అన్ని బోర్డుల అవసరం కూడా లేదు.

ఇప్పుడు కథ సంగతికి వస్తాను. మన రెండు జిల్లాల కథ అనగానే భూమి, అప్పు, కొండ, 1967 తర్వాతి పోరాటం గుర్తొస్తాయి. అవి మనకు గర్వకారణాలే. కానీ రేకుల షెడ్డూ, బట్టల కొట్టూ, మెడికల్ షాపూ, ప్రింటింగు ప్రెస్సూ అంత గట్టిగా మన కథలోకి రాలేదు. వచ్చినప్పుడు షావుకారు ఒక వైపు, కూలీ ఒక వైపు నిలబడతారు. మధ్యలో కాటా దగ్గరివాడు ఉండడు, ఉన్నా షావుకారు నీడలా ఉంటాడు. పరికరాలు మాత్రం మన పెద్దలు ఇచ్చే పోయారు. చుట్టరికం వెనక ఉన్న లెక్కను చా.సో. 'ఎంపు'లో ఎంత నిర్మొహమాటంగా చూపించాడో గుర్తు చేసుకోండి. కూతురు కోరుకున్న కుంటివాడికన్నా గుడ్డివాడికి ముష్టి ఎక్కువ పడుతుందని అల్లుణ్ణి ఎంచుతాడు తండ్రి. అక్కడ పెళ్లి ఒక పనిచోటు. మా షెడ్డు మేనల్లుడి కథకు తాళంచెవి ఆ కథలో ఉంది. కాళీపట్నం 'యజ్ఞం'లో అప్పు తండ్రిది, మోత కొడుకుది, దాని భయం మనవడిదాకా పోతుంది. వంశం అన్నది ఆస్తిని మాత్రమే కాదు, వెట్టిని కూడా అందిస్తుందని ఆ కథ తేల్చింది. ఇక భయస్తుడైన గుమాస్తా లోపలికి దిగి, అతణ్ణి వెక్కిరించకుండా, క్షమించకుండా చూడటం రావిశాస్త్రి 'అల్పజీవి'లో చేసి చూపించాడు. కాటా దగ్గరివాణ్ణి రాయాలంటే ఈ మూడు చూపులూ ఒకచోట కావాలి.

ఈ మాటలు చెప్పడం సులువు. నేను ఆ షెడ్డు మానేసిన కొన్నేళ్లకు దాని మీదే ఒక కథ రాశాను. అందులో షావుకారు ఉన్నాడు, అడ్వాన్సు ఉంది, జీడి రసానికి కాలిన చేతులున్నాయి. చర్చల్లో బాగుందన్నారు. ఒకసారి పలాస వెళ్లినప్పుడు, నన్ను 'అల్లుడా' అని పిలిచే ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని ఆ కథ చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. కదలకుండా వింది. విని ఇలా అంది:

"కత బాగుంది బావూ. షావుకారుని బాగా తిట్టినావు. మరి కాటా కాడ కూకున్నోడేడీ? ఆడు కనబడ్నేదేటి?"

అల్లుడా అనకుండా బావూ అన్నదని నాకు తర్వాత తట్టింది. గోష్ఠిలో ఆ పెద్దాయనకు నేను జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఈ ప్రశ్నే. ఆ విద్యార్థి కథలోని బావమరిది నేను.

కాటా దగ్గరివాణ్ణి కూడా పెట్టి కథ తిరగరాస్తానన్నాను ఆమెతో. "అయితే ఇది కూడా రాయి. మా పెద్దగుంట పన్లోకొచ్చిన ఏడాది, నానడిగితే దానికి నువ్వు మంచి ట్రేలే ఏసినావు. ఆ మంచి ట్రేలు ఎవుల కాణ్ణించి తీసినావో అది కూడా రాయి" అంది.

"అలా రాస్తే మిమ్మల్ని కూడా అంటారు కదమ్మా" అన్నాను.

"అననీ బావూ. అప్పుడు నువ్వు కాటా కాడ ఎంత తగ్గించి రాసీవోడివో అది కూడా అడుగుతారు."

పావు కిలో. రోజుకు, మనిషికి. పుస్తకం నా చేతిరాతలోనే ఉండేది కాబట్టి నాకు బాగా గుర్తు. తగ్గించి రాయమని షావుకారు ఆ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నాతో అనలేదు.